సేటు లెక్క, మన లెక్క

(సోలాపూర్ పూర్వ భాగంలో దీపావళికి ముందు జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ఉపన్యాసం)



దీపావళి బోనసు గురించి తేల్చుకోవడానికి ఇవాళ కూర్చున్నాం. బోనసు సంగతికి తర్వాత వస్తాం. ముందు మీకు ఒక విషయం చెప్పి మీ మాట తీసుకోవాలి. మీ మాట లేకుండా మేం ఒక్క అడుగు వేయలేని విషయం అది.

పోయిన వారం రాత్రి పాళీ మొదలైన తర్వాత ఒక సేటు మన ఆఫీసుకు వచ్చాడు. మేం పిలవలేదు, తనంతట తానే వచ్చాడు. చంకలో లెక్కల పుస్తకం, జీఎస్టీ కాగితాల ఫైలు. ఆయన పేరు ఇక్కడ చెప్పం. టవళ్ళు నేసే కార్ఖానా, పదహారు మగ్గాలు, దాన్ని ఆనుకొని భార్య పేరు మీద ఇంకో పన్నెండు. మీలో కొందరికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. తెలిసినా పేరు ఎత్తకండి. ఇలాంటి సేట్లు మన పూర్వ భాగంలో వీధివీధికీ ఉన్నారు. భివండీలో, ఇచల్‌కరంజీలో ఉన్న మన వాళ్ళను అడిగినా ఇదే కథ చెబుతారు.

"కాకా, ఒక్కసారి నా పక్కన కూసొని నా లెక్క చూడు. చూసినంక తిడుతవా, తిట్టు" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా సేట్లు ఏడవడం వింటున్నాం కాబట్టి ముందు మాకు నవ్వే వచ్చింది. కానీ ఈ కుర్రాడి తండ్రి మాతో పాటు గిర్నీలో పనిచేశాడు. మాకంటే పదేళ్ళు పెద్ద. మేం పద్దెనిమిదేళ్ళ వయసులో మగ్గాల ఖాతాలో చేరినప్పుడు తెగిన పోగు ముడి వేయడం నేర్పింది ఆయనే. తొంభైల్లో ఆ గిర్నీ మూతపడినప్పుడు రావలసిన డబ్బు కోసం ఆయనా మేమూ ఒకే వరసలో నిలబడ్డాం. కొంత వచ్చింది, కొంత ఈనాటికీ రాలేదు. ఆయన ఆ రానిది చూడకుండానే పోయాడు. ఈ కుర్రాడు బడి మానేసి కండెలు చుట్టాడు, మగ్గం నడిపాడు, జాబర్ అయ్యాడు, తల్లి బంగారం అమ్మి నాలుగు పాత మగ్గాలు కొన్నాడు. నూలు దుమ్ము అంటే ఏమిటో తెలిసిన మనిషి. అందుకని టీ తెప్పించి కూర్చున్నాం. రెండు గంటలు కూర్చున్నాం.

ఆయన మొదట ఎత్తింది పన్నుల మాట. "పన్నులన్నీ మేమే కడుతున్నం. మీకేం తెలుసు కాకా, మీరేం కడుతరు?" అన్నాడు.

ఇందులో నిజం ఎంతో చూద్దాం. బట్ట మీద సేల్స్ ట్యాక్స్ అనేది మన తండ్రుల కాలంలో లేదు. 1957లో కేంద్రం ఒక చట్టం చేసి బట్టకు, చక్కెరకు, పొగాకుకు అమ్మకం పన్ను బదులు అదనపు ఎక్సైజు సుంకం పెట్టింది. అది గిర్నీ గేటు దగ్గర వసూలయ్యేది. పవర్‌లూమ్ బట్టకు ఎన్నో ఏళ్ళు రకరకాల మినహాయింపులు నడిచాయి. ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఆ మినహాయింపులు, కార్మిక చట్టాలు తగలని చిన్న షెడ్లు, ఈ రెండూ కలిసే గిర్నీ బట్టను దెబ్బతీశాయి. గిర్నీలో పర్మనెంటు ఉద్యోగి అయిన మనిషి షెడ్డులో హాజరు లేని మనిషి అయ్యాడు. ఈ సేటు కార్ఖానా నిలబడింది ఆ కాలంలో కట్టనక్కరలేకపోయిన పన్నుల మీదే. ఆ మాట ఆయనతో కూడా అన్నాం. తల ఊపాడు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. బట్ట అమ్మేవాడికి నెలనెలా లెక్కల పని మొదటిసారి అప్పుడే మొదలైంది. అంతకు ఎనిమిది నెలల ముందు, 2016 నవంబరు 8 రాత్రి, 500, 1000 నోట్లు రద్దయ్యాయి. వారం వారం నోట్లలో పగారు ఇచ్చే పేటలో ఆ రెండు దెబ్బలూ ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. అప్పుడు మన ఇళ్ళల్లో ఏమైందో మీకు తెలుసు, మళ్ళీ చెప్పనక్కరలేదు.

అయితే జీఎస్టీ ఆయన జేబులోంచి ఎంత తీస్తోంది? ఫైలు తెరిపించి చూశాం. నూలు టవలు మీద, ముక్క ధర తక్కువదైతే, పన్ను 5 శాతం. 2017లో ఆ హద్దు 1,000 రూపాయలు, 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 చేశారు. లక్ష రూపాయల బిల్లు మీద పన్ను 5,000. అందులో నూలు ఖరీదు 60,000 అనుకోండి, నూలు కొన్నప్పుడు కట్టిన 3,000 తగ్గించుకుంటాడు. మిగిలింది 2,000. ఆ 2,000 కూడా కొనేవాడి బిల్లులో కలిపి వేసిందే. చివరికి ఆ టవలు కొన్న బీడీ కార్మికురాలు కట్టే డబ్బు అది. పాలిస్టర్ బట్ట నేసేవాళ్ళ కష్టం వేరు. నూలు మీద 12, బట్ట మీద 5 ఉన్నన్నాళ్ళు వాళ్ళ డబ్బు సర్కారు దగ్గర ఇరుక్కుపోయేది, 2018 జూలై దాకా పేరుకున్నదైతే తిరిగి ఇవ్వకుండా రద్దు చేశారు. ఆ తేడా 2025 సెప్టెంబరులో పోయింది. ఈ సేటుది నూలు టవలు, ఆయనకు ఆ బాధ లేదు.

మనం కట్టేది కూడా ఆయనకు లెక్క చెప్పాం. ఫోను రీచార్జి మీద 18 శాతం కడుతున్నాం. మహారాష్ట్రలో నెలకు 10,000 దాటిన పగారు ఉన్న మగవాడికి హాజరు పుస్తకంలో పేరుంటే ఏడాదికి 2,500 ప్రొఫెషన్ ట్యాక్సు కోత పడుతుంది. సేటు కట్టేది కూడా ఏడాదికి అదే 2,500. ఇక ఆదాయపు పన్ను అంటారా, 2025-26 నుంచి కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా ఏమీ కట్టనక్కరలేదు. "నీది 12 దాటుతుందా?" అని అడిగాం. నవ్వి ఊరుకున్నాడు. మేమూ గుచ్చి అడగలేదు.

ఒక్క చోట ఆయన మాటకు మా దగ్గర జవాబు లేదు. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతమే అంది. వందల మగ్గాల ఎయిర్‌జెట్ ఫ్యాక్టరీ పెట్టి 2024 మార్చి లోగా ఉత్పత్తి మొదలుపెట్టిన కంపెనీకి ఆ రాయితీ దక్కింది. సొంత పేరు మీద వ్యాపారం చేసే సేటు ఆదాయం బాగా పెరిగితే పై భాగం మీద 30 శాతం కట్టాలి. "నేను పెరిగితే 30, అప్పుడు పెట్టిన పెద్దోడికి 15. ఇదేం న్యాయం?" అన్నాడు. న్యాయం కాదు. ఈ మాట మన సంఘం కూడా చెప్పాలి, చెప్పకపోవడం మన తప్పు.

ఇప్పుడు అసలు బాధకు వద్దాం. రెండో టీ తాగేటప్పుడు అది బయటికి వచ్చింది.

ఆయన సరుకు కొనేది ముంబయి వ్యాపారి. టవళ్ళు పంపిన నాలుగు నెలలకు డబ్బు వస్తుంది. బిల్లు రాసిన మరుసటి నెలలోనే ఆయన జీఎస్టీ కట్టాలి, వ్యాపారి డబ్బు ఇచ్చాడా లేదా అని సర్కారు అడగదు. నూలు వ్యాపారి ఉద్దెర ఇవ్వడు. కరెంటు బిల్లు ఆగదు. మన పగారు వారం వారం ఇవ్వాలి. నెలకు పది లక్షల సరుకు పంపేవాడికి నాలుగు నెలలంటే నలభై లక్షలు వ్యాపారి దగ్గర ఉన్నట్టు.

2006లో చేసిన చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాడు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో మండలి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో కూడా ఒక మెలిక పెట్టారు. చిన్న తయారీదారుకు గడువులో డబ్బు ఇవ్వని వ్యాపారి ఆ ఏడాది ఆ కొనుగోలును ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. చట్టం ఇంత చక్కగా ఉంది కదా, ఎందుకు ఫిర్యాదు చేయవు అని అడిగాం.

"ఫిర్యాదు ఇస్తె మల్ల ఆర్డరు ఇస్తడా కాకా? ఆ ఉద్యమ్ రిజిస్ట్రేషనే తీసెయ్యి, లేకుంటె పానిపట్‌ల కొనుక్కుంట అన్నడు."

మిత్రులారా, ఈ మాట విన్నప్పుడు మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ మాట మనకు కొత్తదా? ఇ.ఎస్.ఐ. కార్డు అడిగితే రేపటి నుంచి పనికి రావద్దంటాడు అని మీరు మాతో ఎన్నిసార్లు అనలేదు? చట్టం ఉంది, దాన్ని అడిగితే పని పోతుంది. సేటు ముంబయి వ్యాపారి ముందు నిలబడేది ఇలాగే, మనం సేటు ముందు నిలబడేదీ ఇలాగే. ఆ మాట ఆయనతో అన్నాం. చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత కాగితం మీద ఇద్దరం కలిసి లెక్క వేశాం. చట్టం చెప్పిన 45 రోజుల్లో డబ్బు వస్తే వ్యాపారి దగ్గర ఉండేది 15 లక్షలు. ఉన్నది 40. అంటే 25 లక్షలు ఆయన అప్పు తెచ్చి తిప్పుతున్నాడు. కొంత బ్యాంకుది, ఎక్కువ చేబదులు. సగటున నూటికి రూపాయిన్నర వడ్డీ వేసినా నెలకు 37,500.

పక్కనే మన లెక్క రాశాం. రెండు షెడ్లలో కలిపి 25 మంది. పగారు 12,000 అనుకుంటే సేటు కట్టవలసిన పి.ఎఫ్. వాటా 12 శాతం, మనిషికి 1,440. పాతిక మందికి 36,000. ఇ.ఎస్.ఐ. 3.25 శాతం, మనిషికి 390, అది వేరే.

కట్టలేనంటున్న పి.ఎఫ్. 36,000. కడుతున్న వడ్డీ 37,500. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

ఇక్కడ పి.ఎఫ్. గురించి కొత్తగా చేరిన కుర్రాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. సేటు దీన్ని కూడా పన్నుల జాబితాలో రాసుకొచ్చాడు. జీఎస్టీ, కరెంటు, మున్సిపాలిటీ, పి.ఎఫ్. అని వరసగా. మేం ఆ గీత కొట్టించాం. పి.ఎఫ్. సర్కారుకు పోయే పన్ను కాదు, ఇవాళ మన చేతికి ఇవ్వకుండా రేపటికి దాచిన పగారు. 1952లో ఆ చట్టం వచ్చినప్పుడు మొదట వర్తించిన ఆరు పరిశ్రమల్లో బట్టల పరిశ్రమ ఒకటి. మా నాన్న గిర్నీలో రిటైరైనప్పుడు వచ్చిన పి.ఎఫ్. డబ్బుతోనే రెండు గదుల ఇల్లు కట్టాడు. ఈ రోజుకీ మేం ఉండేది అందులోనే. డెబ్భై ఏళ్ళు దాటిన హక్కు అది. అదే బట్ట నేస్తున్న మనకు అది లేదంటే మనం ముందుకు వచ్చామా, వెనక్కి పోయామా? 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. చాలా మార్చాయి. కానీ పి.ఎఫ్.కు 20 మంది, ఇ.ఎస్.ఐ.కి 10, గ్రాట్యుటీకి 10, బోనసుకు 20 అనే అంకెలు అలాగే ఉన్నాయి.

ఆ అంకెల కోసమే కదా రెండు బోర్డులు! సేటు పేరు మీద 14 మంది, భార్య పేరు మీద 11 మంది. హాజరు పుస్తకంలో అటు 9, ఇటు 6. కండెలు చుట్టే ఆడవాళ్ళు ఏ పుస్తకంలోనూ లేరు. బీములు ఒకే చోట నుంచి వస్తాయి, జాబర్ ఒకడే, పగారు ఇచ్చేది ఒకే చెయ్యి. చట్టం దృష్టిలో ఇది ఒకే కార్ఖానా. "అందరు జేస్తున్నదే కాకా" అన్నాడు. అందరూ చేస్తున్నారన్నది నిజం. అందుకే మన గ్రాట్యుటీ అందరి దగ్గరా పోతోంది. 12,000 పగారు మీద ఏడాదికి 15 రోజులు, 26తో భాగిస్తే 6,923 రూపాయలు. పదేళ్ళకు 69,000 పైన. పుస్తకంలో పేరు లేని మనిషికి సున్నా.

ఇక త్యాగం మాట. సేటు ఈ మాట చాలాసార్లు అన్నాడు, ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆరు నెలలు ఇంటికి రూపాయి తీసుకుపోలేదన్నాడు. పెళ్ళాం పుస్తెలు తాకట్టు పెట్టి 25 ఇళ్ళకు బియ్యం బస్తాలు పంపానన్నాడు. పంపాడు. అబద్ధం కాదు, ఆ బియ్యం తిన్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆ ఏడాది మార్చి 29న కేంద్రం పగారు కోయవద్దని ఆర్డరు ఇచ్చి, మే 18 నుంచి దాన్ని వెనక్కి తీసుకుంది. పెద్ద పెద్ద వాళ్ళే ఆ ఆర్డరును పట్టించుకోలేదు. ఈయన బియ్యం పంపాడు. దాన్ని మేం తక్కువ చేసి మాట్లాడం.

కానీ బియ్యంతో పాటు ఇచ్చిన రెండేసి వేలు బాకీ పుస్తకంలో ఎక్కాయి. ఆ బాకీ వారం వారం కోసుకున్నాడు. ఇది కూడా చెప్పాలి కదా. ఆ ఆరు నెలలు మన ఇళ్ళల్లో ఏం తాకట్టు పెట్టారో ఎవరు లెక్క రాశారు? మన ఆడవాళ్ళు రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు కాబట్టే ఈ పగారుకు మగ్గం నడిపే మనిషి దొరుకుతున్నాడు. పన్నెండు గంటల పాళీ, చెవులు పోయే చప్పుడు, యాభై దాటేసరికి మెట్లెక్కలేని ఊపిరి. ఆయన త్యాగానికి చివర 28 మగ్గాలు, షెడ్డు, స్థలం ఉన్నాయి. తప్పు కాదు, కష్టపడ్డాడు. మన త్యాగానికి చివర ఏముంది అని అడిగాం.

"నష్టమొస్తె మీరు పంచుకుంటరా?" అని ఎదురు అడిగాడు.

మంచి ప్రశ్నే. జవాబు మన పగారు చీటీలో ఉంది. ఆర్డరు తగ్గితే సగం మగ్గాలు ఆపుతాడు, మనకు ముక్క లెక్క పగారు కాబట్టి ఆ వారం సగమే వస్తుంది. నూలు ధర పెరిగితే రేటు పెంచే మాట వాయిదా పడుతుంది. కరెంటు పోతే కూర్చున్న గంటలకు పైసా లేదు. నష్టాన్ని మనం ఎప్పటినుంచో పంచుకుంటున్నాం, ఆ పద్దు ఒక్కటే ఆయన పుస్తకంలో కనబడదు. "పాతిక పొయ్యిలు నా మీద వెలుగుతున్నయి" అని కూడా అన్నాడు. బిడ్డా, నీ పొయ్యి కూడా ఆ పాతిక మంది చేతుల మీదే వెలుగుతోంది, పెట్టేవాడు తినేవాడు అనే లెక్క మన మధ్య వద్దు అన్నాం. కొంచెం కోపంగానే అన్నాం.

ఆయన కూడా ఒప్పుకున్న సంగతి ఒకటుంది. పని మనుషులు దొరకడం లేదు. మన పిల్లలు మగ్గం దగ్గరికి రారు. పుణె పోయి సెక్యూరిటీ డ్రెస్సు వేసుకుంటారు, సంచి తగిలించుకొని డెలివరీ పని చేస్తారు. రెండు నెలల కిందట మగ్గాలు మనుషులు లేక ఆగాయట. కార్డు ఉన్న చోట మనిషి నిలుస్తాడు అని చెప్పాం.

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ ముందు పెడతాం. ఇక్కడ ఉన్న పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట పది మగ్గాల కార్ఖానా ఒకదాని ముందు ఇరవై ఒక్క రోజులు కూర్చున్నాం. సేటు నోటి దురుసు మనిషి. మేమూ అంతకంటే తక్కువ మాట్లాడలేదు. చివరికి బకాయి పగారు మొత్తం రాబట్టాం. మన పత్రికలో పెద్ద అక్షరాలతో 'విజయం' అని వేశాం. అది రాసింది మేమే. పత్రిక పంచిన నెలకు ఆ సేటు పది మగ్గాలూ కిలోల లెక్కన తుక్కు వాడికి అమ్మేశాడు. అక్కడ పనిచేసిన పదకొండు మందిలో ముగ్గురు భివండీ పోయారు. ఒకాయన ఇంకో సేటు దగ్గర తక్కువ రేటుకు చేరాడు, మళ్ళీ మన ఆఫీసు గడప తొక్కలేదు. ఆ సేటుకు ఎవరు ఎంత బాకీ ఉన్నారో, ఆయన సరుకు డబ్బు ఎక్కడ ఇరుక్కుందో మేం ఒక్కరోజు కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అడగలేదు, అంతే.

అందుకే ఈసారి లెక్క మొత్తం చూశాం. ఇప్పుడు మీరు తేల్చవలసిన విషయం చెబుతాం.

సేటు తెచ్చిన మాట ఇది. ఈ దీపావళికి 25 మందికీ 8.33 శాతం బోనసు ఇస్తాడు. అందరి పేర్లూ పుస్తకంలో ఎక్కిస్తాడు, ఆడవాళ్ళవి కూడా. ఇ.ఎస్.ఐ. వెంటనే. పి.ఎఫ్. మాత్రం రెండేళ్ళు ఆగండి అంటాడు.

మన కమిటీలో దీని మీద గట్టి వాదన జరిగింది. కొందరు ఒప్పుకుందాం అన్నారు. చేతికి వచ్చే బోనసు, కార్డు వదులుకోవద్దన్నారు. వాళ్ళను తప్పు పట్టం, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాడికి ఇ.ఎస్.ఐ. కార్డు చిన్న సంగతి కాదు. కానీ రెండు విషయాలు చూడండి. ఒకటి, చట్టం ఇచ్చిన దాన్ని మీ తరఫున వదిలేస్తామని సంతకం పెట్టే అధికారం మాకు లేదు. పెట్టినా అది చెల్లదు. రెండోది ఇంకా ముఖ్యం. సేటు వాటా 1,440లో సుమారు 1,000 పెన్షన్ నిధికి పోతుంది. ఆ పెన్షన్ రావాలంటే 58 ఏళ్ళు నిండేలోగా పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఆ పాతిక మందిలో 47 నిండినవాళ్ళు ముగ్గురు ఉన్నారు. ఇవాళ చేరితే వాళ్ళకు పదేళ్ళు పూర్తవుతాయి. రెండేళ్ళు ఆగితే పూర్తి కావు. అప్పుడు పెన్షన్ ఉండదు, ఏదో కొంత ఒకేసారి ఇచ్చి పంపుతారు. కనీస పెన్షన్ 2014లో 1,000 రూపాయలుగా నిర్ణయించారు, ఏం పెద్ద డబ్బు అని మీరు అనవచ్చు. అరవై ఏళ్ళ మనిషికి నెలనెలా సొంతంగా వచ్చే వెయ్యి రూపాయలు ఎంతో, కోడలి చేతి నుంచి మందుల డబ్బు తీసుకునేవాళ్ళను అడగండి. ఆ ముగ్గురూ ఇక్కడే కూర్చున్నారు.

కాబట్టి మేం సేటుకు చెప్పింది ఇది. పి.ఎఫ్. వచ్చే నెల నుంచే, 25 మందికీ, రెండు షెడ్లకూ కలిపి. దానికి బదులు మన వైపు నుంచి రెండు పనులు చేస్తాం. ముంబయి వ్యాపారి మీద ఫిర్యాదు ఒక్కడుగా ఇస్తే ఆర్డరు పోతుందని కదా భయం? ఆ వ్యాపారికే సరుకు పంపే ఇంకో ఆరుగురు సేట్ల దగ్గర కూడా మన సభ్యులు పనిచేస్తున్నారు. ఆ ఏడుగురినీ ఒక చోట కూర్చోబెట్టి ఒకే రోజు ఫిర్యాదు ఇప్పించడానికి మేం తిరుగుతాం. మనుషులను కలపడం మనకు తెలిసిన పని, సేట్లకు తెలియదు. ఏడుగురి టవళ్ళూ ఒక్కసారిగా పానిపట్ నుంచి తెచ్చుకోవడం వ్యాపారికి అంత సులువు కాదు. ఆ వచ్చే టవలు మీద సోలాపూర్ పేరు వేసి అమ్ముతున్నారని ఎలాగూ మన పేట మొత్తం మొత్తుకుంటోంది. రెండోది, ఆ ఫిర్యాదు తేలేదాకా, గరిష్ఠంగా ఆరు నెలలు, ముక్క రేటు పెంచమని మనం అడగం.

ఆ రెండో మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నూనె ధర, పిల్లల ఫీజులు మాకూ ఉన్నాయి. అందుకే అది మా మాటగా ఇవ్వలేదు, సభ ఒప్పుకుంటే అన్నాం.

పాత ఏళ్ళ పి.ఎఫ్. బకాయి సంగతి అడుగుతారు. దాన్ని మాఫీ చేస్తామని మేం చెప్పలేదు, చెప్పలేం. వదిలిపోయిన కార్మికులను చేర్చుకోవడానికి ప్రభుత్వం 2017లో ఒక అవకాశం ఇచ్చింది, 2025 నవంబరులో మళ్ళీ ఒకటి తెరిచింది. కోయని కార్మికుడి వాటా మాఫీ, జరిమానా నామమాత్రం అన్నారు. 2017లో ఈ సేటు పట్టించుకోలేదు. పాత లెక్క ఏ దారిలో సర్దుకోవాలో అకౌంటెంటుతో మాట్లాడి రాతలో తెమ్మన్నాం. ఆ కాగితం రాకుండా సంతకాలు ఉండవు.

ఇవాళ చేతులెత్తడం వద్దు. సేటు మనుషులు ఎవరైనా బయట నిలబడి చూస్తుంటే కొందరు ఎత్తరు, అది మాకు తెలుసు. చీటీలు పంచుతాం. ఒకటి, పి.ఎఫ్. వచ్చే నెల నుంచే అన్న మాట మీద నిలబడాలా, రెండేళ్ళు ఆగాలా. రెండు, ఆరు నెలలు రేటు అడగకుండా ఉండడానికి ఒప్పుకుంటారా, లేదా. రెండింటికీ విడివిడిగా రాయండి. రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళతో రాయించుకోవద్దు, గుర్తు పెడితే చాలు, ఎలా పెట్టాలో చూపిస్తాం. ఆ 25 మంది చీటీలు వేరే డబ్బాలో వేయండి. వాళ్ళ మాట ఒకలా, మిగతా సభ మాట ఇంకొకలా వస్తే మేం వాళ్ళ మాటే సేటుకు చెబుతాం.

కండెలు చుట్టే అక్కలు వెనక నిలబడ్డారు. ముందుకు రండి, మీ చీటీలు మొదట తీసుకుంటాం, ఇళ్ళల్లో మీకు పనులుంటాయి. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సు తెచ్చినవాళ్ళు బల్ల దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. బాకీ ఎంత ఉందో, ఎప్పటినుంచి కోస్తున్నారో కూడా అక్కడే చెప్పి రాయించండి. చీటీలు లెక్కపెట్టేదాకా ఎవరూ వెళ్ళవద్దు. ఇప్పుడు ఎవరికైనా అడగవలసింది ఉంటే అడగండి.